గర్భసంచి తీసేయమంటున్నారు, నాకేమో మందులే వద్దనిపిస్తోంది

ప్రశ్న: అక్కా, నాకు 42 ఏళ్ళు. జగిత్యాల దగ్గర ఉంటాం, ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. రెండేళ్ళుగా డేట్ వచ్చిందంటే తొమ్మిది, పది రోజులు ఆగడం లేదు. మొదటి నాలుగు రోజులు గడ్డలు గడ్డలుగా పోతుంది, రెండు ప్యాడ్లు కలిపి పెట్టుకున్నా బట్టలు పాడవుతున్నాయి. మెట్లెక్కితే ఆయాసం. టౌన్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కాన్ తీసి, గర్భసంచి వాచింది, 4 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ ఉంది, రక్తం 7.8 మాత్రమే ఉంది, తీసేయకపోతే రేపు క్యాన్సర్ అవుతుంది అన్నారు. మా ఆడపడుచుకి 31 ఏళ్ళకే తీసేశారు, ఆమె మళ్ళీ మనిషి కాలేదు. ఆ భయంతో ఆపరేషన్ వద్దన్నాను, వాళ్ళు రాసిన మాత్రలు కూడా వేడి చేస్తాయని మానేశాను. యూట్యూబ్‌లో చూసి 'గర్భసంచి శుద్ధి' చూర్ణం తెప్పించుకుని రెండు నెలలుగా వాడుతున్నా. రోజూ బీట్‌రూట్ జ్యూస్, నువ్వుల ఉండ. పెద్దగా తేడా లేదు. మందుల్లేకుండా సహజంగా తగ్గే దారి చెప్పండి. మా పాపకి 19, హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉంటుంది, రెండు నెలలకోసారి డేట్ వస్తోంది, పీసీఓడీ అన్నారు. దానికీ అన్నం మాన్పించి ఇదే చూర్ణం పంపిద్దామనుకుంటున్నా. ఇంకోటి, రాయాలంటే సిగ్గుగా ఉంది, దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడుతోంది. దీనికేమైనా మందుందా?

సమాధానం: చెల్లీ, మీరు మూడు అడిగారు. విచిత్రం ఏంటంటే మందు వద్దన్న మొదటిదానికి మందు కావాలి, మందుందా అని అడిగిన చివరిదానికి మందు అక్కర్లేదు. పాప సంగతి మధ్యలో ఉంది, అక్కడ మీ ఆలోచన సగం కరెక్టే. ముందు మీ రక్తం గురించే మాట్లాడతాను, ఎందుకంటే ఉత్తరం మొత్తంలో నన్ను భయపెట్టింది ఫైబ్రాయిడ్ (గర్భసంచి కండరంలో పెరిగే గడ్డ) కాదు, ఆ 7.8.

ఆడవాళ్ళకి హిమోగ్లోబిన్ 12 ఉండాలి. 8 కంటే తగ్గితే దాన్ని తీవ్రమైన రక్తహీనత అంటారు. మీరు అందులోకి వచ్చేశారు. పైగా అది రెండు నెలల కిందటి లెక్క, ఆ తర్వాత రెండు సార్లు డేట్ వచ్చి ఉంటుంది, మాత్రలు మానేశారు, కాబట్టి ఇవాళ ఇంకా తక్కువ ఉండొచ్చు. నేను నర్సుగా పనిచేసినన్నాళ్ళూ చూసింది ఇదే, మెల్లమెల్లగా రక్తం తగ్గినవాళ్ళు దానికి అలవాటు పడిపోతారు, ఏడుతో కూడా వంట చేస్తారు, పొలం పోతారు, మిషన్ తొక్కుతారు, "కొంచెం నీరసం అంతే" అంటారు. లోపల గుండె మాత్రం డబుల్ డ్యూటీ చేస్తూ ఉంటుంది. మెట్లెక్కితే ఆయాసం అని రాశారు చూడండి, అది అదే.

కాబట్టి ఈ వారంలోనే, డేట్ కోసం ఆగకుండా, సీబీపీ, అంటే హిమోగ్లోబిన్ చెప్పే రక్తపరీక్ష, మళ్ళీ చేయించండి. దాంతోపాటు ఫెరిటిన్ అని ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే పరీక్ష ఉంటుంది, అదీ, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ కూడా. మాంసం తక్కువ తినేవాళ్ళయితే బీ12 కూడా చూపించుకోవడం మంచిది. థైరాయిడ్ తక్కువగా పనిచేసినా డేట్ ఎక్కువ పోతుంది, అది ఉందో లేదో చూడకుండా గర్భసంచి తీసేసుకోవడం ఎంత అన్యాయమో ఆలోచించండి. ఈలోగా గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు వరసగా తడిసిపోయినా, కళ్ళు తిరిగి పడబోయినా, కూర్చున్న చోటే గుండె దడదడలాడినా, పరీక్షలూ ఉత్తరాలూ పక్కన పెట్టి అదే రోజు, అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇప్పుడు బీట్‌రూట్ సంగతి. మీరు తింటున్నవేవీ చెడ్డవి కావు, మానమనను. కానీ లెక్క ఒకసారి చూడండి. 100 మిల్లీలీటర్ల రక్తం పోతే దాంతోపాటు దాదాపు 40 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. మామూలుగా నెలసరిలో పోయేది 30, 40 మిల్లీలీటర్లే, 80 దాటితే ఎక్కువ కింద లెక్క. మీరు చెప్పినట్టు రెండు ప్యాడ్లు కలిపి పెట్టుకుని, గడ్డలతో పది రోజులంటే దానికంటే చాలా ఎక్కువే పోతూ ఉండాలి. ఇటు రాబడి చూద్దాం. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, ఎన్ఐఎన్, వాళ్ళ లెక్కలో మన ఆడవాళ్ళకి రోజుకి 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అంత ఎందుకంటే మన తిండిలోంచి ఒంటికి పట్టేది నూటికి ఎనిమిది వంతులే, అంటే రెండు మిల్లీగ్రాముల పైన కొంచెం. అందులో ఒకటి దాకా రోజూ ఎలాగూ ఖర్చయిపోతుంది. మిగిలింది నెలంతా కూడబెట్టినా 40 మిల్లీగ్రాముల దగ్గరే ఆగుతుంది. అంటే ఎంత బాగా తిన్నా, నెలకి 100 మిల్లీలీటర్లకి మించి పోతున్న మనిషికి తిండితో లోటు పూడదు, పాత బాకీ తీరడం తర్వాత మాట. ఇందులో మీ తప్పు, మీ వంట తప్పు ఏమీ లేదు.

అందులోనూ బీట్‌రూట్! ఎర్రగా ఉంటే రక్తం పడుతుందని మన దగ్గర ఒక నమ్మకం, దానిమ్మ కూడా అంతే. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. సజ్జలు అంతకంటే ఎన్నో రెట్లు మేలు, రాగుల కంటే కూడా మేలు (రాగులు కాల్షియంకి గొప్పవి, ఇనుముకి అంత కాదు). తోటకూర, పప్పులు, నువ్వులు మంచివే, అయితే ఆకుల్లో గింజల్లో ఉండే ఇనుము అంత సులువుగా ఒంటికి పట్టదు, పక్కన పులుపో ఉసిరో నిమ్మకాయో జామకాయో ఉంటేనే పడుతుంది. మాంసం తింటారా లేదా రాయలేదు. తింటే కోడి కార్జం, మేక కార్జం అప్పుడప్పుడు వండుకోండి, అందులోని ఇనుము తేలిగ్గా పడుతుంది. టమాటా కూర, చింతపండు పులుసు లాంటివి ఇనుప మూకుట్లో వండితే ఆ పులుపుకి మూకుడులోని ఇనుము కొంత కూరలోకి దిగుతుంది, పాత రోజుల్లో అమ్మమ్మలు చేసింది ఇందులో నిజంగా పనికొచ్చేదే. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, మన తెలంగాణ ఇళ్ళల్లో ఎవరూ వినని మాట, అన్నం తినగానే చాయ్ వద్దు. తిండికి ముందు ఒక గంట, తర్వాత ఒక గంట చాయ్ లేకుండా ఉంటే చాలు, మానేయమని ఎవరూ అనడం లేదు.

ఇవన్నీ చేస్తూ ఇనుము మందు వేసుకోవాలి. ఇది వేడి చేయదు. మలం నల్లగా వస్తుంది, మలబద్ధకం, కడుపులో తిప్పినట్టుండటం ఉంటాయి, వాటినే మనవాళ్ళు వేడి చేసిందంటారు. మాత్ర పడకపోతే రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని డాక్టర్ని అడగండి, అలా వేసుకున్నప్పుడు ఒక్కో మాత్రలోంచి ఒంటికి పట్టేది ఎక్కువని పరిశోధనల్లో తేలింది, కడుపుకీ హాయి. నిమ్మరసంతో వేసుకోండి, పాలతో, చాయ్‌తో, కాల్షియం మాత్రతో కలిపి వద్దు. మీ అంకెకి, మీకు పోతున్న రక్తానికి, డాక్టరు మాత్రలకి బదులు సెలైన్‌లో పెట్టి నరానికి ఎక్కించే ఐరన్ ఇస్తానంటే భయపడొద్దు, అది త్వరగా పనిచేస్తుంది, ప్రభుత్వ ఏరియా ఆసుపత్రిలో కూడా అడగండి. ఏడు కంటే తగ్గి ఉంటే రక్తమే ఎక్కించాల్సి రావచ్చు. అంకె 12 వచ్చాక కూడా ఇంకో మూడు నెలలు మాత్ర ఆపకూడదు, నిల్వ నిండాలి కదా.

ఇక ఆ చూర్ణం. ఆపేయండి, ఇవాళే. నాకు ఆయుర్వేదం అంటే చిన్నచూపు లేదు, మా ఇంట్లోనూ కరక్కాయ అరగదీసినవాళ్ళే. నా అభ్యంతరం వైద్యం మీద కాదు, ఎవరు చేశారో, ఏం కలిపారో తెలియని ఆ పొట్లం మీద. ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందుల్ని అమెరికాలో పరీక్షించి 2008లో ఒక పెద్ద వైద్య పత్రికలో ఫలితం వేశారు, ఐదింటిలో దాదాపు ఒకదాంట్లో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో ఉంది. సీసం ఒంట్లో చేరితే ఏమవుతుందో తెలుసా, రక్తం తయారవడం తగ్గుతుంది. అంటే రక్తహీనత ఉన్న మనిషి రక్తహీనత తెచ్చే పొడి డబ్బులిచ్చి తింటున్నట్టు కావచ్చు. మీ పొట్లంలో సీసం ఉందని నేననడం లేదు, లేదని మీరూ చెప్పలేరు, అదీ సమస్య. తయారీ లైసెన్సు నంబరు, దేంతో చేశారు, ఎంత కలిపారు, ఏ ఊళ్ళో చేశారు అనేవి లేని డబ్బాని ఎవరి మాట మీదా నోట్లో వేసుకోకండి. ఆయుర్వేదమే కావాలంటే బీఏఎంఎస్ చదివిన డాక్టరు దగ్గరికి స్కాన్, సీబీపీ పట్టుకుని వెళ్ళండి, ఇటు గైనకాలజిస్టుకి అది చెప్పండి, అటు వాళ్ళకి ఇది చెప్పండి. దాచడం వల్లే చాలా గొడవలు. అశోకారిష్టం లాంటివి ఎవరైనా ఇస్తే, అరిష్టాల్లో పులియబెట్టినప్పుడు పుట్టే ఆల్కహాల్ ఉంటుందని తెలిసి తాగండి, సీసాలకి సీసాలు సొంతంగా తాగొద్దు. చూర్ణం వల్లో కషాయం వల్లో ఫైబ్రాయిడ్ కరిగిపోతుందని నమ్మకంగా చెప్పే రుజువు నాకైతే ఎక్కడా కనబడలేదు.

అలాగని గర్భసంచి తీయించుకోమని నేను చెప్పడం లేదు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆ మాట అనడానికి వాళ్ళు చాలా తొందరపడ్డారు. ఫైబ్రాయిడ్ క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు, నలభై దాటిన ఆడవాళ్ళలో ఫైబ్రాయిడ్లు ఎందరికో ఉంటాయి, సగం మందికి ఉన్న సంగతే తెలియదు, ముట్లుడిగాక అవే చిక్కిపోతాయి. "తీయకపోతే క్యాన్సర్" అనే మాట మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని వేల మంది ఆడవాళ్ళని బల్ల మీదికి ఎక్కించిందో! 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది, ఆంధ్రాలో తొమ్మిది మంది దాకా. దేశంలో మనమే ముందు. అలా తీయించుకున్నవాళ్ళలో సగం మందికి ఆపరేషన్ నాటికి వయసు 34 లోపే. మీ ఆడపడుచు ఆ లెక్కలో ఒక మనిషి. ఈ అనవసర ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టుకి కేసు వెళ్ళింది, 2023 ఏప్రిల్‌లో కోర్టు అన్ని రాష్ట్రాలనీ కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు మూడు నెలల్లో అమలు చేయమంది. కాబట్టి మీ భయం తెలివితక్కువ భయం కాదు. ఆ భయం మిమ్మల్ని ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సింది, చూర్ణం దగ్గరికి తీసుకెళ్ళింది, అంతే తేడా.

ఇంకో గైనకాలజిస్టుని చూడండి, వీలైతే ఆపరేషన్ చేస్తే వాళ్ళకి డబ్బు లాభం లేని చోట, అంటే ప్రభుత్వ ఆసుపత్రిలో. స్కాన్ రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, ఫిల్ములు కూడా తీసుకెళ్ళండి. అక్కడ ఇవి అడగండి. ఫైబ్రాయిడ్ ఏ పొరలో ఉంది? గర్భసంచి లోపలి గదిలోకి పొడుచుకొచ్చినదైతే చిన్నదైనా రక్తం ఎక్కువ పోతుంది, బయటి వైపు ఉన్నదైతే 4 సెంటీమీటర్లున్నా మీ బ్లీడింగ్‌కి దానికీ సంబంధమే ఉండకపోవచ్చు. గర్భసంచి వాచిందంటే గోడలోకి లోపలి పొర చొచ్చుకుపోయే అడినోమయోసిస్ ఏమైనా ఉందా? లోపలి పొర మందం ఎంత, పాలిప్ (లోపలి పొరలో పెరిగే చిన్న కండ) ఉందా, ముక్క తీసి పరీక్షకి పంపాలా? ఈ ముక్క పరీక్ష మాత్రం వద్దనకండి, నలభై దాటి ఇలా బ్లీడింగ్ అవుతున్నప్పుడు క్యాన్సర్ ఉందో లేదో చెప్పేది అదే, ఎవరి నోటి మాటా కాదు. కాపర్‌టీ వేయించుకుని ఉంటే అది చెప్పడం మరిచిపోకండి, దానివల్ల కూడా డేట్ ఎక్కువవుతుంది. 42 ఏళ్ళని ప్రెగ్నెన్సీ టెస్టు చేయనంటే కుదరదు, అదీ చేస్తారు, నవ్వకండి.

కారణం తెలిశాక, చాలాసార్లు గర్భసంచి జోలికి పోకుండానే దారి ఉంటుంది. ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మాత్ర బ్లీడింగ్ ఎక్కువున్న ఆ మూడు నాలుగు రోజులే వేసుకునేది, హార్మోన్ కాదు (కాళ్ళల్లో, ఊపిరితిత్తుల్లో ఎప్పుడైనా రక్తం గడ్డ కట్టి ఉంటే ముందే చెప్పాలి). మెఫెనమిక్ యాసిడ్ నొప్పినీ తగ్గిస్తుంది, పోయే రక్తాన్నీ కొంత తగ్గిస్తుంది. ఇంకోటి మిరేనా లాంటిది, చూడటానికి కాపర్‌టీ లాగే ఉంటుంది, కానీ చేసే పని పూర్తిగా వేరు, గర్భసంచి లోపలే కొంచెం కొంచెంగా హార్మోన్ వదులుతూ పొరని పలచబరుస్తుంది. చాలామందికి బ్లీడింగ్ బాగా పడిపోతుంది, ఐదేళ్ళు పనిచేస్తుంది, అప్పటికి మీకు 47, మన దేశంలో సగటున ముట్లుడిగే వయసు. మొదటి కొన్ని నెలలు చుక్కలు చుక్కలుగా కనబడి విసిగిస్తుంది, ముందే తెలిస్తే తీయించేసుకోరు. ఫైబ్రాయిడ్ లోపలి గదిలో ఉంటే దాన్ని ఒక్కదాన్నే కింది నుంచి కెమెరాతో తీసేయొచ్చు.

వీటిల్లో ఏదీ పనిచేయకపోతే, లేదా ముక్క పరీక్షలో తేడా వస్తే, లేదా అన్నీ తెలుసుకున్నాక మీకే ఇక చాలు తీసేయండి అనిపిస్తే, అప్పుడు ఆపరేషన్ మంచి వైద్యమే, చాలామంది దాని తర్వాత హాయిగా ఉన్నారు. అప్పుడు ఒక్క ప్రశ్న అడిగి సంతకం పెట్టండి: అండాశయాలు ఉంచుతారా, తీసేస్తారా? మీ ఆడపడుచుకి 31కే గర్భసంచితోపాటు అవి కూడా తీసేసి ఉంటే, ఆమె మళ్ళీ మనిషి కాలేకపోవడానికి కారణం అదే అయ్యుండొచ్చు. ఒక్క రాత్రిలో ముట్లుడిగిపోయినట్టే, ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర లేకపోవడం, ఎముకలు పలచబడటం, గుండెజబ్బు ముప్పు పెరగడం. ఆమెని కూడా ఒకసారి డాక్టరుకి చూపించండి, పాత డిశ్చార్జి కాగితంలో ఉంటుంది ఏం తీశారో. ఇప్పటికీ చేయగలిగింది ఉంటుంది.

పొత్తికడుపు నొప్పి ఉంటే మటుకు సహజ వైద్యం దర్జాగా చేసుకోండి. వేడినీళ్ళ సంచి పెట్టుకుంటే నొప్పి నిజంగా తగ్గుతుంది, పరీక్షల్లో నొప్పి మాత్రకి దగ్గరగా నిలబడింది. అల్లం కూడా కొంత పనిచేస్తుంది. రక్తం పెరిగాక వారంలో మూడు నాలుగు రోజులు నడక మొదలుపెట్టండి, నెలసరి నొప్పికి వ్యాయామం మంచి మందు. రక్తం ఎనిమిది కూడా లేనప్పుడు మాత్రం యోగా ఛాలెంజులు వద్దు తల్లీ.

ఇక పాప. ఇక్కడ మీరు మందుల్లేకుండా అన్నది సరైన మొదటి అడుగే, పీసీఓఎస్‌కి (పీసీఓడీ అని మనవాళ్ళు అనేది దీన్నే) ప్రపంచమంతా డాక్టర్లు ముందు చెప్పేది తిండీ వ్యాయామమే. కాకపోతే అసలు అది పీసీఓడీయేనా అన్నది ముందు తేలాలి. 19 ఏళ్ళ పిల్లకి స్కాన్‌లో అండాశయాల నిండా బుడగలు కనబడటం మామూలు, అవి గడ్డలు కావు, ఎదుగుతున్న అండాలుండే సంచులు. మొదటి నెలసరి వచ్చిన ఎనిమిదేళ్ళ లోపు స్కాన్ చూసి పీసీఓఎస్ అని చెప్పకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలే అంటున్నాయి. మీ పాప పదమూడో ఏట పెద్దమనిషి అయి ఉంటే ఇంకా ఆ గడువులోనే ఉంది. చూడాల్సింది ఏంటంటే, నెలసరి 35 రోజులు దాటి వస్తోందా, గడ్డం మీద పైపెదవి మీద ముదురు వెంట్రుకలు, తగ్గని మొటిమలు ఉన్నాయా, లేకపోతే రక్తపరీక్షలో మగ హార్మోన్లు ఎక్కువున్నాయా అని. టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ అనే ఇంకో హార్మోన్ పరీక్ష, గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ పరీక్ష కూడా చేయించండి.

అన్నం మాన్పించడం గురించి, దయచేసి వద్దు. పీసీఓఎస్‌కి ఫలానా తిండే గొప్పదని ఏ పరిశోధనా తేల్చలేదు, మిల్లెట్లు తిన్నవాళ్ళకీ అన్నం తిన్నవాళ్ళకీ లెక్కంతా మొత్తం ఎంత తిన్నారన్నదాని మీదే. హాస్టల్ కంచంలో గుట్టలా అన్నం, చెంచాడు నీళ్ళ పప్పు ఉంటుంది, అది తిరగేయాలి, పప్పు, గుడ్డు, కూర ఎక్కువ, అన్నం గుప్పెడు తక్కువ. సాయంత్రం బేకరీ పఫ్, కూల్‌డ్రింకు బదులు పల్లీలో శనగలో. వారానికి మొత్తం 150 నిమిషాలైనా చెమట పట్టేలా నడవాలి, బస్సు రెండు స్టాపుల ముందు దిగినా అయిపోతుంది. బరువు ఎక్కువుంటే అందులో నూటికి ఐదు నుంచి పది వంతులు తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది, అంటే 70 కిలోల పిల్ల ఒక మూడున్నర కిలోలు తగ్గినా తేడా మొదలవ్వొచ్చు. సన్నగా ఉన్న పిల్లయితే బరువు మాటే ఎత్తకండి, తిండి మానేస్తే నెలసరి అసలే ఆగిపోతుంది. బంధువుల ముందు లావయ్యావని అనడం, పీసీఓడీ ఉంది ఎవరికీ చెప్పకు అనడం, ఈ రెండూ ఆ పిల్లకి ఇంకో జబ్బు తెచ్చిపెడతాయి, అది టెన్షన్.

మందు ఎక్కడ కావాలంటే, మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే అలా వదిలేయకూడదు. రాకపోతే పీడా పోయిందనుకోవద్దు, లోపలి పొర పెరుగుతూ పోవడం ముందు ముందు ప్రమాదం, అప్పుడు డాక్టరు కొన్ని రోజుల మాత్రలిచ్చి రప్పిస్తారు, వేయించండి. పెళ్ళి చేస్తే సర్దుకుంటుందని ఎవరైనా అంటే వినొద్దు, పెళ్ళి వల్ల పీసీఓఎస్ తగ్గదు. పిల్లలు పుట్టరేమో అని ఇప్పుడే గుబులు పడాల్సిన పనీ లేదు, పీసీఓఎస్ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి పిల్లలు పుడతారు, కొందరికి కొంచెం సాయం కావాలి అంతే. చూర్ణం ఆ పిల్లకి కూడా పంపకండి, మీకు చెప్పిన కారణమే.

చివరగా మీరు సిగ్గుపడుతూ రాసింది. కాన్పులైన ఆడవాళ్ళలో ఇది ఎంత మామూలంటే, మీ వీధిలో నలుగురిని అడిగితే ఒకరిద్దరైనా ఔననే అంటారు, ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చెప్పరు. దీనికి మొదటి వైద్యం వ్యాయామం, కెగెల్ అంటారు, పైసా ఖర్చు లేదు. మూత్రాన్ని, గ్యాస్‌ని ఆపుకోవడానికి లోపల ఏ కండరాలు బిగిస్తామో వాటిని పైకి లాగినట్టుగా బిగించాలి. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. ఐదు సెకన్లతో మొదలుపెట్టి పది దాకా పట్టి ఉంచి, అంతసేపూ వదిలేయండి. ఇలా ఎనిమిది నుంచి పది సార్లు, రోజుకి మూడు పూటలు. కనీసం మూడు నెలలు చేస్తే కానీ ఫలితం చెప్పలేం, చాలామంది మూడో వారంలో విసుగొచ్చి మానేసి పనిచేయలేదంటారు. మిషన్ దగ్గర కూర్చునే చేయొచ్చు, ఎవరికీ తెలియదు, బాబిన్ మార్చినప్పుడల్లా ఒక విడత అని పెట్టుకోండి. దగ్గు వస్తోందనిపించగానే ముందే ఒకసారి బిగించి ఆ తర్వాత దగ్గండి, ఈ చిన్న చిట్కా మొదటి వారంలోనే పనికొస్తుంది. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి ప్రాక్టీసు చేయమని కొందరు చెబుతారు, కండరం ఏదో తెలుసుకోవడానికి ఒకసారి సరే, రోజూ అలా చేయకూడదు. తడుస్తుందని నీళ్ళు తాగడం మానేయకండి, మలబద్ధకం రానీయకండి, ముక్కుతూ కూర్చుంటే ఆ కండరాలే సాగుతాయి, అందులోనూ మీరు ఐరన్ మొదలుపెట్టబోతున్నారు.

మీ గర్భసంచి వాపు, ఫైబ్రాయిడ్ మూత్రసంచి మీద ఒత్తుతున్నా ఇలా అవుతుంది, కాబట్టి గైనకాలజిస్టు దగ్గర ఈ మాట కూడా చెప్పండి, కింద ఏదో జారినట్టు, బరువుగా అనిపిస్తోందా అన్నది కూడా. నోటితో చెప్పడం ఇబ్బందైతే చీటీ మీద రాసి చేతికివ్వండి, మాకు అలా ఇచ్చినవాళ్ళు బోలెడు మంది. సీబీపీ రిపోర్టు రాగానే అంకె ఎంతో నాకు ఒక్క ముక్క రాయండి, చూర్ణం డబ్బా మాత్రం పారేయకండి, డాక్టరుకి చూపించాలి.